లిఫ్టు చెడియె: సటీకా తాత్పర్యము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మెదక్ సీమ కొలిచాలమ వంశీకుడు, మాట మీద నిలబడ్డాడు కూడా. విశ్వవిద్యాలయం సర్క్యులర్‌కు వ్యాఖ్య రాయాల్సిన అవసరం పడలేదు గనక నిలబడగలిగాడు. సర్క్యులర్‌లో ఉన్నదే చెబితే చదివినవాడికి ఏమీ తెలియదు, లేనిది చెబితేనే తెలుస్తుంది. అందుచేత ప్రస్తుత వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞ నుంచి మినహాయింపు కోరుతున్నాడు.

ఈ పద్యం తెలుగునాట ఒకానొక విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో, నోటీసుబోర్డు మీద లభ్యమైంది. 'ఉద్యోగుల ఆరోగ్య సంక్షేమ వారోత్సవం' అని రెండు పేజీల సర్క్యులర్. దాని అడుగున, ప్రతులు ఎవరెవరికో రాసిన జాబితా పక్కన మిగిలిన జాగాలో, పెన్సిల్‌తో ఒక ఆటవెలది. కవి పేరు లేదు. ఎగ్జామినేషన్ బ్రాంచి సూపరింటెండెంటని కొందరంటారు, గంటల లెక్కన పాఠం చెప్పే పార్ట్‌టైమ్ తెలుగు లెక్చరరని కొందరంటారు. రెండో వాదానికే బలం ఎక్కువ. రెగ్యులర్ ఉద్యోగి అయితే పెన్నుతోనే రాసేవాడు.

మూలము

లిఫ్టు చెడియె, మెట్లు లేచి యెక్కవలెను,
గుండె కదియె మంచి గుణము నిచ్చు;
జీత మడుగవద్దు, చిత్తశాంతియె చాలు,
ఒత్తిడన్నమాట యుత్తమాట.

ప్రతిపదార్థము

లిఫ్టు = మనుష్యులను మీది అంతస్తులకుఁ గొనిపోవుటకై అమర్చిన ఇనుపపెట్టె; చెడియెన్ = పాడైపోయినది (ఎప్పుడన్నది మూలమున లేదు; తలుపునకు అంటించిన 'మరమ్మతులో ఉన్నది' అను కాగితము పసుపు తిరిగి, దాని నాలుగు మూలల టేపు గోధుమరంగు దేలినందున, నిన్న మొన్నటి మాట కాదని గ్రహింపవలెను); లేచి = కుర్చీనుండి లేచి; మెట్లు = సోపానములను; ఎక్కవలెను = ఆరోహణము సేయవలయును; అదియె = ఆ ఎక్కుటయే; గుండెకున్ = హృదయమునకు; మంచి గుణమున్ = మేలును; ఇచ్చున్ = కలిగించును; జీతము = ఒకటవ తేదీన రావలసినదై, వచ్చినప్పుడు వచ్చునది; అడుగవద్దు = ఎప్పుడని ప్రశ్నింపరాదు; చిత్తశాంతియె = మనస్సు నెమ్మదిగా నుండుటయే; చాలున్ = సరిపోవును (దేనికో కవి చెప్పలేదు; పాలవానికిని, ఇంటి అద్దెకును గాదని వ్యాఖ్యాత మతము); ఒత్తిడి అన్న మాట = పనిభారముచేత నలుగుచున్నామను మాట; ఉత్త మాట = వట్టి మాట.

తాత్పర్యము

ఓ ఉద్యోగీ, నీ ఆరోగ్యం కోసం విశ్వవిద్యాలయం చేయగలిగిందంతా చేసింది, అనగా లిఫ్టు బాగుచేయించలేదు. మిగిలింది నువ్వు చేసుకో.

విశేషములు

ఛందస్సు నిర్దోషం. మొదటి గణం 'లిఫ్టు', గురులఘువులు కుదిరిన హగణం. ఆ భవనంలో లిఫ్టు చక్కగా నడిచిన చోటు ఇదొక్కటే.

అలంకారం లేశం. దోషాన్ని గుణంగానో, గుణాన్ని దోషంగానో చూపితే లేశమని అప్పయ్య దీక్షితుల కువలయానందం. చెడిన లిఫ్టు దోషం, మెట్లెక్కడం గుణం. ఆఫీసు భాషంతా ఈ ఒక్క అలంకారం మీదే బతుకుతోందని వ్యాఖ్యాత అనుమానం: నిధుల్లేకపోతే పొదుపు, మనుషుల్లేకపోతే బహుముఖ ప్రజ్ఞ.

'మెట్లు' అనేచోట కవి అబద్ధమాడలేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మెట్లూ ఆ లెక్కలోకే వస్తాయి. ఎవరు ఎక్కుతున్నారన్నదే చూడాలి. పెన్షన్ సెక్షన్ రెండో అంతస్తులో ఉంది. నవంబరు వచ్చిందంటే, తాము బతికే ఉన్నామని కాగితం ఇచ్చేందుకు రిటైరైన పెద్దలు చేతికర్రతో, మెట్టుకో ఊపిరి తీస్తూ ఎక్కుతారు. పైకి చేరితే చాలు, సర్టిఫికెట్టు వేరే అక్కర్లేదు. జవాబుపత్రాల కట్టలు భుజాన వేసుకుని రోజుకు ఎన్నిసార్లో ఎక్కి దిగే అటెండరుకు 'రోజూ కాస్త నడవండి' అన్న కరపత్రం ఇచ్చారు. అతను దాన్ని కట్టకింద మెత్తగా ఉంటుందని భుజం మీద మడిచి పెట్టుకున్నాడు.

'లేచి' అన్న పదాన్ని కొంచెం ఆగి చూడాలి. పనిచేసే చోటనే అయిదు నిమిషాలు యోగా చేసుకొమ్మని ఆయుష్ మంత్రిత్వశాఖ వై-బ్రేక్ అని ఒకటి తయారుచేసి, 2021లో దానికి యాప్ కూడా పెట్టింది. మెడ తిప్పడం, చేతులు చాచడం, ప్రాణాయామం. చెడ్డదేమీ కాదు. కాకపోతే కుర్చీలోంచి లేవాలంటే ముందు కుర్చీ ఉండాలి. పార్ట్‌టైమ్ వాళ్లకు డిపార్ట్‌మెంటులో కుర్చీ ఉండదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య లైబ్రరీ బయట గట్టు మీద కూర్చుంటారు.

'గుండె కదియె' అన్నచోట పూర్వపక్షం ఒకటి వస్తుంది. ఆరోగ్య కార్యక్రమాల్లో చేరినవాళ్లు చేరనివాళ్లకంటే దిట్టంగా కనిపిస్తారు గదా, కాబట్టి కార్యక్రమం పనిచేసినట్టే గదా? ఈ సందేహాన్ని అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల మీదే తేల్చుకుంది. 2016లో 4,834 మందిని తీసుకుని, చీట్లు వేసినట్టు, కొందరిని రమ్మంది, తక్కినవాళ్లను ఉన్నచోటే ఉంచింది. వచ్చినవాళ్లకు ఆరోగ్య పరీక్షలు, రకరకాల క్లాసులు, డబ్బు ప్రోత్సాహకాలు. చివరికి చూస్తే వైద్యఖర్చులోగానీ, జిమ్ గడప తొక్కడంలోగానీ, సెలవులు తగ్గడంలోగానీ చెప్పుకోదగిన తేడా లేదు. చేరినవాళ్లు ఆరోగ్యంగా ఉన్న మాట నిజమే. వాళ్లు చేరకముందు కూడా ఆరోగ్యంగానే ఉన్నారు. మన క్యాంపస్‌లోనూ వారోత్సవంలో ముందు వరుసన కనిపించేది రోజూ పొద్దున గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టే ప్రొఫెసర్లే.

'జీత మడుగవద్దు'. ఇది పద్యానికి ప్రాణం. 'అడుగరాదు' అని పాఠాంతరం ఉంది. గణాలు రెండింటికీ సరిపోతాయి. 'వద్దు' పర్మనెంటు వాళ్లకు, 'రాదు' కాంట్రాక్టు వాళ్లకు అని సంప్రదాయం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల జీతాలకు ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు ఆధారం. గ్రాంటు చాలకపోతే పెన్షన్లకు కొరత, పెన్షన్లకు సర్దితే జీతాలకు ఆలస్యం. ఇక పార్ట్‌టైమ్ లెక్చరరుకు గంటకింత. వేసవిలో గంటలుండవు గనక డబ్బూ ఉండదు. యూజీసీ 2018 నిబంధనలు అధ్యాపకుడికి వారానికి 40 గంటల పని అని, అందులో అసిస్టెంట్ ప్రొఫెసరు నేరుగా చెప్పే పాఠాలు 16 గంటలని లెక్క కట్టాయి. ఆ లెక్క పోస్టులన్నీ నిండి ఉన్నచోటికి. నలుగురి పోస్టులు ఖాళీ పడ్డ డిపార్ట్‌మెంటులో ఉన్న ఒక్కడే పాఠాలు చెప్పి, పేపరు సెట్ చేసి, హాస్టల్ వార్డెన్ పని చూసి, అడ్మిషన్ల కమిటీలో కూర్చుని, సాయంత్రానికి 'ఒత్తిడిని జయించడం ఎలా' అన్న ఉపన్యాసానికి హాజరు వేయించుకోవాలి. హాజరు తప్పనిసరి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ధర్నాకు కూర్చుని అడిగింది ఉద్యోగ భద్రత, దానికి తగ్గ జీతం. యోగా చాపలు అడగలేదు.

'చిత్తశాంతియె' దగ్గర వ్యాఖ్యాతలు చాలామంది తడబడ్డారు. ఇక్కడ శాంతి ఎవరిదో మూలంలో లేదు. పరిశీలించగా అది న్యాక్ శాంతి. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే ఈ న్యాక్ ప్రమాణాల్లో 6.3.1 అనే సూత్రం ఉంది: బోధన, బోధనేతర సిబ్బందికి సంస్థ తగిన సంక్షేమ చర్యలు తీసుకుంటున్నదా? ఈ సూత్రానికి రుజువు కావాలి. రుజువంటే జియోట్యాగ్ ఉన్న ఫొటో, అక్షాంశ రేఖాంశాలతో సహా. వారోత్సవం తొలిరోజు యోగా ఇలా సాగింది: పొద్దున్నే అటెండర్లు వేదిక మీదికి కుర్చీలు, కిందికి చాపలు మోశారు; ఫ్లెక్సీ గాలికి ఎగిరిపోకుండా ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు; ముఖ్య అతిథి వచ్చేదాకా అందరూ ఎండలో పద్మాసనం. ఫొటోగ్రాఫరు 'సార్, ఇంకొక్కసారి వృక్షాసనం' అన్నాడు. ఫొటో పడింది. లొకేషన్ పడలేదు. మళ్లీ వృక్షాసనం. ఫొటోలో ఫ్లెక్సీ వెనక రెండు జతల కాళ్లు కనిపిస్తున్నాయి. సంక్షేమం చేరనిది ఆ కాళ్లకే.

ఫలహారాల మాట కూడా చెప్పాలి. ఆఫీసుల్లో నూనె, చక్కెర ఎంతుంటుందో తెలిపే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్యశాఖ 2025లో సూచించింది. బోర్డు వచ్చింది. దాని కిందే బల్లమీద సమోసాల ట్రే. ఈ విషయంలో వ్యాఖ్యాతకు ఆక్షేపణ లేదు, సమోసాలు వేడిగా ఉన్నాయి.

'ఒత్తిడన్నమాట యుత్తమాట'. ఒ, ఉ లకు యతి చెల్లుతుంది, అర్థానికి మాత్రం చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, పని చేసి చేసి మనిషి చల్లారిపోయే స్థితిని ఉద్యోగానికి సంబంధించినదిగానే చూపింది. వ్యక్తి బలహీనత అనలేదు. ఇంకా పాత సాక్ష్యం లండన్‌ది. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో సుమారు 18 వేలమంది ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. అందరూ మగవాళ్లు, అందరిదీ ఆఫీసు కొలువే. అట్టడుగు గ్రేడులోని వాళ్లు, అంటే ద్వారం దగ్గరి మనిషి, కాగితాలు మోసే మనిషి, పై గ్రేడు అధికారులకంటే మూడింతలు ఎక్కువగా చనిపోయారు. సిగరెట్టూ బీపీ లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో విడత ఇంకో మాట చేర్చింది: తాను చేసే పని మీద తనకు పట్టు లేనివాడికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. రిజిస్ట్రారుకూ ఒత్తిడి ఉంటుంది, కాదనం. ఆయన ఫైలు ఎప్పుడు కదలాలో ఆయనే చెప్పగలడు. అటెండరు ఆ ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇస్తూ, మనిషిని దిద్దడంతో సరిపెట్టక పని తీరునూ మార్చమంది. ఈ మాట సర్క్యులర్ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. పెన్సిల్ పద్యంలోనూ లేదు గానీ, పద్యం ఆ మాట కోసమే పుట్టింది.

రసం పాఠకుణ్ణి బట్టి ఉంటుంది: వేదిక మీద కూర్చున్నవారికి హాస్యం, ఫ్లెక్సీ పట్టుకున్నవారికి కరుణ.

రిజిస్ట్రార్ గారికి వ్యాఖ్యాత విన్నపం: ఖాళీ పోస్టులు నింపించండి, పార్ట్‌టైమ్ వాళ్లకు వేసవిలోనూ డబ్బు పడేటట్టు చూడండి, జీతం ఒకటో తారీఖున వేయండి. యోగా మేం ఇంటిదగ్గర చేసుకుంటాం.