జారిపోయిన చీటీ

ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పున్న కాగితపు చీటీని నేను. నా ఎడమ పైమూల ఒక మాట. దాని కింద అది దొరికిన పుస్తకం, సంవత్సరం, వాక్యం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కోసం పైసా పుచ్చుకోకుండా పుస్తకాలు చదివి, ఇలాంటి చీటీలు లక్షల్లో రాసి పంపారు జనం. నా మీది మాట 'బాండ్‌మెయిడ్'. అంటే దాసి.

సంపాదకుడు జేమ్స్ మర్రే తన ఇంటి తోటలో వేయించుకున్న ఇనుపరేకుల షెడ్డే నా ఊరు. 'బి' గూళ్లలో నా ఇరుగుపొరుగు కూడా జంటమాటలే. 'బెల్లీ-టింబర్' అంటే కడుపు కట్టె. పొయ్యికి కట్టెలెలాగో కడుపుకు తిండి అలాగ. 'బ్రీడ్-బేట్' అంటే తగవులు పెట్టే మనిషి, షేక్‌స్పియర్ వాడాడు. 'బేట్' అంటే తగవన్న సంగతి ఇప్పుడెవరికి గుర్తుంది?

నా మాట కథ వేరు. 'మెయిడ్' అంటే పడుచుపిల్ల. 'బాండ్' అనగానే సంకెల అనుకుంటారు. కాదు. అది నార్సు భాష నుంచి వచ్చిన 'బోండి', ఇల్లూ పొలమూ ఉన్న కాపు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ కాపులు దొరల భూమికి కట్టుబడ్డ పాలేర్లయ్యారు. మనుషులతోపాటే మాటా దిగజారింది, బానిసకు పేరైంది. కట్టు అనే అర్థమున్న మరో 'బాండ్' వచ్చి దానిలో కలిసిపోయింది. అదే 'బోండి' 'హజ్బెండ్'లో మాత్రం చెక్కుచెదరలేదు: ఇల్లు, దానికి యజమాని. ఒకే ముక్క ఒక సమాసంలో ఇంటాయన, ఇంకో సమాసంలో ఆ ఇంటి దాసి. అది తలుచుకుంటే నా అంచులు వణుకుతాయి.

విలియం టిండేల్ 1526లో అచ్చువేయించిన ఇంగ్లీషు కొత్త నిబంధనలో, గలతీయులకు పౌలు రాసిన పత్రికలో, హాగరు అనే బానిస స్త్రీని ఈ మాటతోనే చెప్పాడు. తెలుగు బైబిలులో ఆమె 'దాసి'.

'బి' మాటలు అచ్చుకు సిద్ధమవుతున్న రోజుల్లో నేను కట్టలోంచి జారి పుస్తకాల కింద పడ్డాను. ఎవరి చేయి తగిలిందో వెతకను. పైన నడిచే అడుగుల చప్పుడు, కాగితాల గలగల వినేవాణ్ణి. నా కోసం ఎవరూ వంగలేదు. 1888లో మొదటి సంపుటం నేను లేకుండానే వచ్చింది. చీటీ దశ నుంచి అచ్చుపలక దాకా కనీసం 30 మంది చూసినా ఈ మాట లేదని ఎవరికీ తట్టలేదని, అది తనకు అంతుపట్టడం లేదని మర్రే 1901లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ బాధ నిజమైనది. ఒక్క మాట కూడా వదలకూడదని బతుకంతా ధారపోసిన మనిషి మరి.

ఆయన 1915లో కన్నుమూశాడు. నా మాటకు చోటు 1933 నాటి అనుబంధ సంపుటంలో దొరికింది. అప్పటికే 'హజ్బెండ్' అచ్చులో కూర్చుని 30 ఏళ్లు దాటింది.