ఆవిడకి తెలీకుండా ఉంటుందా, ఇన్‌స్పెక్టర్ గారూ?

మహారాజశ్రీ డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ అలెక్ హార్డీ గారి సముఖమునకు,
బ్రాడ్‌చర్చ్ పోలీస్ స్టేషన్, ఇంగ్లండ్.

విషయం: డానీ లాటిమర్ హత్య కేసులో అందరినీ అనుమానించి, అనుమానించాల్సిన వాణ్ణి వదిలేసిన నేరానికి మా ఇంటిల్లిపాదీ స్వచ్ఛందంగా లొంగిపోవుట గురించి.

అయ్యా,

మీరు టీవీలో మనిషనీ, మీ ఊరు పటంలో ఉండదనీ నాకు తెలుసు. డోర్సెట్‌లో వెస్ట్ బే అనే చోట, తేనెరంగు కొండ కింద కెమెరాలు పెట్టి ఊరిని పుట్టించారనీ, కథ రాసిన క్రిస్ చిబ్నల్ గారి నివాసం ఆ చుట్టుపక్కలేననీ చదివాను. అయినా మీకే రాస్తున్నాను. లేని అధికారికి అర్జీ పెడితే జవాబు రాలేదన్న బాధ ఉండదు. ఉన్న అధికారులతో ఆ బాధ మాకు ఎలాగూ అలవాటే.

ముందుగా, ఇది బహిరంగ లేఖ కాబట్టి పక్కనుంచి తొంగిచూసి చదివేవారికి ఒక మాట. 'బ్రాడ్‌చర్చ్' సీరియల్ ఇంకా చూడకపోతే ఇక్కడే ఆగిపోండి. డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం మాది. ఏ మహానుభావుడో పదో పేజీ అంచున బాల్ పెన్నుతో హంతకుడి పేరు రాసి పుస్తకం తిరిగిచ్చేవాడు. ఆ పాపం నేను చెయ్యదలచుకోలేదు.

మీ దేశంలో మీ కథ 2013 మార్చి 4న మొదలై ఏప్రిల్ 22 దాకా ఐటీవీలో, సోమవారం సోమవారం, ఎనిమిది భాగాలుగా వచ్చింది. అన్ని వారాలూ దేశమంతా హంతకుడెవరని కొట్టుకు చచ్చింది. పందేలు కాసే కంపెనీలు పాత్రల పేర్ల మీద పందేలు కట్టించుకున్నాయి. మేం చాలా ఆలస్యంగా, రాత్రికో భాగం చొప్పున ఎనిమిది రాత్రుల్లో చూశాం. మేమూ పందెం కాశాం. మా పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో, మనిషికి పది రూపాయలు.

మా ఆయన పెట్టింది చనిపోయిన పిల్లాడు డానీ తండ్రి మార్క్ మీద. "రాత్రంతా ఎక్కడున్నావయ్యా అంటే నీళ్ళు నములుతాడేం?" అన్నారు. కోర్టులో హెడ్ గుమాస్తాగా రిటైరైన మనిషి, నీళ్ళు నమిలే సాక్షుల్ని ముప్ఫై ఏళ్ళు చూశారు. తీరా చూస్తే ఆ రాత్రి మార్క్ హోటల్ నడిపే బెకాతో ఉన్నాడు. మా ఆడపడుచు వెంటనే తీర్పిచ్చింది: "హత్య చేశాడో లేదో తర్వాత సంగతి, ముందు ఉరెయ్యండి." ఆవిడ పందెం మాత్రం చర్చి ఫాదర్ మీద. మరీ నెమ్మదిగా మాట్లాడుతున్నాడట. పై వాటా పిన్నిగారిది కుక్కని వెంటేసుకు తిరిగే సూసన్ రైట్ మీద. కారణం అడిగితే, "మొహం చూడలా?" అన్నారు.

నా పది రూపాయలు పేపర్ల కొట్టు జాక్ మార్షల్ మీద. ముసలాయన, ఒంటరివాడు, పిల్లల సీ బ్రిగేడ్ నడిపేవాడు, పైగా పాత కేసొకటి. ఇంతకంటే ఏం కావాలి? మీ ఊళ్ళో పత్రికలవాళ్ళకీ ఇంతకంటే అక్కర్లేకపోయింది. తరిమి తరిమి ఆయన ప్రాణం తీసుకునేదాకా వదల్లేదు. ఆ రాత్రి నేను పుస్తకం తీసి ఆయన పేరు కొట్టేశాను. ఆ కొట్టివేత కింద పేరు ఇప్పటికీ చదవచ్చు. జాక్‌గా వేసిన డేవిడ్ బ్రాడ్లీ గారికి మరుసటి ఏడు బాఫ్టా వచ్చిందని తెలిసినప్పుడు, నిజంగా ఆ ముసలాయనకే ఎవరో క్షమాపణ చెప్పినట్టు అనిపించింది.

ఇక జో మిల్లర్ సంగతి. మీ కింద పనిచేసే సార్జెంట్ ఎల్లీ మిల్లర్ గారి భర్త. అంబులెన్స్ ఉద్యోగం మానేసి, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఇల్లు చూసుకునే మనిషి. మా హాల్లో ఆడవాళ్ళందరం మొదటి రాత్రే ఆయనకి సర్టిఫికెట్ ఇచ్చేశాం. మొగుడంటే అలా ఉండాలన్నాం. మీరు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళిన భాగంలో జో వండి వడ్డిస్తుంటే అందరం మా ఆయన వైపు ఒకసారి చూశాం. మర్నాడు పొద్దున ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన కాఫీ కలిపారు. ఎనిమిదో రాత్రి తర్వాత మానేశారు. "వంటింట్లోకి వచ్చే మగాణ్ణి నమ్మకూడదని మీ సీరియలే చెప్పిందిగా," అన్నారు. మా ఇంట్లో మీ కథ మిగిల్చిన నష్టాల్లో ఇదొకటి. రికార్డులో రాసుకోగలరు.

ఆ ఎనిమిదో రాత్రి డానీ ఫోను సిగ్నల్ పట్టుకుని మీరొక్కరే నడిచి వెళ్ళారు. ఆ సిగ్నల్ మిమ్మల్ని తీసుకెళ్ళింది ఎల్లీ ఇంటికే. చేతిలో ఫోనుతో జో నిలబడి ఉన్నాడు. పసివాడైన డానీని ఆమె భర్త దొంగచాటుగా కలుసుకుంటూ వచ్చాడు, చివరికి చంపేశాడు. ఆ మాట మీరు ఆమెకి గదిలో కూర్చోబెట్టి చెప్పినప్పుడు, ఆమె వినలేక మూలకి పోయి ముడుచుకుపోయినప్పుడు, మా హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ముందుగా తేరుకున్నది పిన్నిగారు. "ఒకే కప్పు కింద ఉంటూ ఆవిడకి తెలీకుండా ఉంటుందా?" అన్నారు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. నేను లొంగిపోతున్నది ఈ నేరానికే.

ఎందుకంటే ఐదు నిమిషాల కిందటి దాకా మాకూ తెలీదు. ఏడు రాత్రులు అదే ఇంట్లోకి కెమెరాతో సహా దూరి చూసినా తెలీలేదు. నటుల్లోనే చాలామందికి హంతకుడెవరో దాదాపు చివరిదాకా చెప్పలేదట. మీ సంగతి చెప్పనా? వృత్తిరీత్యా అందర్నీ అనుమానించాల్సిన మీరు ఆ చేతి వంట తిని వచ్చారు. మీకూ తెలీలేదు. మరి మిమ్మల్ని ఎవరూ అడగలేదేం, తెలీకుండా ఎలా ఉంటుందని?

అందరూ అడిగింది ఎల్లీనే. అంతకు ముందు ఎల్లీ కూడా ఇదే ప్రశ్న సూసన్ రైట్‌ని అడిగింది, నీ మొగుడు ఇంట్లో చేస్తున్న ఘోరం నీకు తెలీకుండా ఎలా ఉందని. తర్వాత డానీ తల్లి బెత్ ఎల్లీని అడిగింది. ఆ తర్వాత విజయవాడలో మేం అడిగాం. ప్రశ్న చేతులు మారింది గానీ తగిలింది ప్రతిసారీ ఒక భార్యకే.

ఇదే కథలో తెలిసిన మొగుడొకాయన ఉన్నాడు. అది మీరే. అంతకు ముందు మీరు చూసిన శాండ్‌బ్రూక్ కేసులో సాక్ష్యం పోవడానికి మీ భార్య వేరొకరితో హోటల్‌కి వెళ్ళడమే కారణమని మీకు తెలుసు. కూతురి కోసం ఆ రహస్యం కడుపులో పెట్టుకుని నింద మీరు మోశారు. దానికి మా హాల్లో మీకు పడిన బిరుదు "త్యాగమూర్తి". తెలిసి దాచిన భర్త త్యాగమూర్తి అయ్యాడు, తెలీని భార్య దోషి అయింది. మా ఆయన పనిచేసిన కోర్టులో ఈ లెక్క నిలవదు.

తప్పు పూర్తిగా మాది కూడా కాదు. మా సాయంత్రం సీరియళ్ళలో మొగుడి గుట్టు ప్రేక్షకులకి మొదటి రోజే తెలుస్తుంది. విలన్ రాగానే ఢామ్మని మ్యూజిక్, మొహం మీదికి మూడుసార్లు కెమెరా. భార్యకి మాత్రం తొమ్మిది వందల ఎపిసోడ్లు దాటాక తెలుస్తుంది. ఈ లోపల మేం పప్పు రుబ్బుకుంటూ "పిచ్చి మొహమా, కళ్ళ ముందే కదే!" అని ఆవిణ్ణి తిడుతూ ఉంటాం. మాకెప్పుడూ ముందే తెలుస్తుంది కనుక తెలీనివాళ్ళంటే మాకు లోకువ. మీ కథ మమ్మల్ని మొదటిసారి ఆవిడ పక్కనే చీకట్లో కూర్చోబెట్టింది. దీపం వెలగ్గానే మేం లేచి ఇవతలికి వచ్చేసి, ఆవిడ వైపు వేలు చూపించాం.

2015లో వచ్చిన రెండో సీజన్ ఈ ప్రశ్నని కోర్టుకే ఎక్కించింది. జో నేరం ఒప్పుకోనన్నాడు. ఎల్లీ స్టేషన్లో అతన్ని కొట్టింది కాబట్టి మొదట ఇచ్చిన వాంగ్మూలం చెల్లదన్నారు. పైగా డిఫెన్సు లాయరు మీకూ ఎల్లీకీ సంబంధం అంటగట్టింది. జో నిర్దోషిగా బయటికొచ్చాడు. సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళు ముందే కోర్టు హాల్లో కూర్చుని విచారణ వింటున్నారని మా ఆయన నెత్తి బాదుకున్నారు. మీ దేశపు లాయర్లూ అదే గొణిగారట. పిన్నిగారు మాత్రం ఆ రాత్రి ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళొత్తుకుంటూ పైకి వెళ్ళిపోయారు.

ఇంకొక్క విన్నపం. ఎల్లీ అని పిలవమని ఆమె అడిగినా మీరు "మిల్లర్" అనే పిలుస్తారు. అది ఆమె మొగుడి ఇంటిపేరు. ఆ పేరుతో ఆమెని రోజుకి ఇరవైసార్లు పిలవడం ఇకనైనా మానండి.

మా నలుగురి తరఫున ఆ ప్రశ్నని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. ఆధారం కావాలంటే పాల పుస్తకం జతపరచగలను. వెనక పేజీలో నాలుగు పేర్లు, నలభై రూపాయలు. జో మిల్లర్ మీద ఎవరూ ఒక్క రూపాయి పెట్టలేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక ప్రేక్షకురాలు,
విజయవాడ.