ముందు పెద్దల ఫోటోలు, మైక్రోస్కోపు సంగతి తర్వాత

నల్లమాడ మండలంలో క్యాన్సర్ పరీక్షల కంపెనీ పెట్టాలని అనుకుంటున్నారా? సరైన చోటే ఉన్నారు. ఇక్కడ వాన సరిగా పడదు, సెనక్కాయ నమ్మకంగా పండదు, చేతిలో డబ్బు ఆడదు. రొమ్ములో గడ్డ తగిలినా, నోట్లో పుండు మానకపోయినా మనవాళ్ళు ముందు కదిరికి పోతారు, అక్కణ్ణుంచి అనంతపురానికి, చివరికి బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి. అక్కడ తెల్లారకముందే ఓపీ చీటీకి వరసలో నిలబడాలి. తోడు పోయినవాళ్ళకు కూలి పోతుంది. ఆ తిరుగుడు మేము తప్పిస్తామని ఒక్క మాట అనండి, జనం మీ గడప దగ్గరే ఉంటారు.

ఇట్లాంటి కంపెనీని నిలబెట్టేది ఫ్లెక్సీ. పైన ‘మా సారథులు’ అని పెద్ద అక్షరాలు, కింద ఆరేడు ఫోటోలు, ఒక్కో ఫోటో కింద రెండు వరసల అనుభవం. ఆ ఫోటోల్లో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం చేయకపోయినా నడుస్తుంది.

1. ప్రశ్న అడగలేనివాళ్ళనే పెద్దలుగా పెట్టుకోండి.

మనిషి నిండుగా ఉండాలి, భుజం మీద కండువా ఉండాలి. రిటైరైన తహసీల్దారు, సెనక్కాయ మిల్లు యజమాని, రోడ్డు కాంట్రాక్టరు, మాజీ ఎస్సై. వీళ్ళలో ఎవ్వరూ “ఈ పరీక్ష నూటికి ఎన్నిసార్లు తప్పుతుంది?” అని అడగరు. భోజనాలు ఎన్ని గంటలకని అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది.

దీనికి అమెరికాలో ఎప్పుడో దారి వేసి పెట్టినారు. వేలి కొనన తీసిన కొద్ది చుక్కల రక్తంతో వందల పరీక్షలు చేస్తామన్న థెరనోస్ కంపెనీ బోర్డు చూడండి. జార్జ్ షుల్ట్జ్, హెన్రీ కిసింజర్ ఇద్దరూ మాజీ విదేశాంగ మంత్రులు. విలియం పెర్రీ మాజీ రక్షణ మంత్రి. జేమ్స్ మాటిస్ మెరైన్ జనరల్. నౌకాదళం నుంచి ఒక అడ్మిరల్ కూడా ఉన్నాడు. రక్తపరీక్షల ల్యాబ్ నడపడమే బతుకుగా పెట్టుకున్న మనిషి మాత్రం ఆ వరసలో లేడు. 2014 నాటికి ఆ కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లకు చేరింది. యుద్ధాలు నడిపినవాళ్ళ ముందు సూది గురించి మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది? మనకు కిసింజర్ దొరకడు, తహసీల్దారు దొరుకుతాడు. నల్లమాడకు అంత చాలు.

2. అనుభవం లేదని బాధపడకండి, రాసుకోండి.

మెడికల్ షాపులో కొన్నాళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారా? ‘ఔషధ రంగంలో సుదీర్ఘ అనుభవం’. కోవిడ్ రోజుల్లో మాస్కులు తెచ్చి అమ్మినారా? ‘సంక్షోభ సమయంలో వైద్య సరఫరాల నిర్వహణ’. మామ ఆసుపత్రిలో పడుకుంటే నెలరోజులు కాపలా ఉన్నారా? అదీ ఆరోగ్యరంగమే. బావమరిది టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే ‘అమెరికా సలహాదారు’ అని వేసి, కోటు వేసుకున్న ఫోటో పంపమనండి. బీఎస్సీ తప్పినవాళ్ళు ‘బీఎస్సీ చదివారు’ అని రాయాలి. చదివిన మాట నిజమే కదా, పాసైనట్టు ఎవరూ చెప్పలేదు.

చదువు మధ్యలో మానేసి ఉంటే ఇంకా మేలు, దాన్ని దాచకండి. ఎలిజబెత్ హోమ్స్ 2003లో థెరనోస్ పెట్టినప్పుడు ఆమెకు 19 ఏళ్ళు. స్టాన్‌ఫర్డ్‌లో చదువు ఆపేసి వచ్చింది. పత్రికలన్నీ దాన్ని గొప్పగానే రాసినాయి.

3. గొప్పవాళ్ళ పేర్లు సాకుగా వాడండి, సగం వరకే.

“డాక్టరు కాకుండా మీరెట్లా?” అని ఎవరైనా అడిగితే వరప్రసాద్ రెడ్డి గారి పేరెత్తండి. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకా బయటికి తెచ్చినాడు. ఇంజనీరు టీకా చేస్తే కాంట్రాక్టరు క్యాన్సర్ పరీక్ష చేయకూడదా? ఇక్కడ ఆపేయాలి. ఆయన శాస్త్రవేత్తల్ని కూడగట్టిన సంగతి, ఏళ్ళ తరబడి వాళ్ళ వెనక నిలబడిన సంగతి ఎత్తితే మీ వాదన చెడిపోతుంది.

అట్లాగే మన హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ సినిమా నటుడే, హైదరాబాదులో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి ఛైర్మన్. 2000 సంవత్సరంలో తెరుచుకున్న ఆసుపత్రి అది. జనానికి ఛైర్మన్ మొహం చూపించండి. ఆయన కింద పాథాలజిస్టులు, రేడియేషన్ డాక్టర్లు, సర్జన్లు ఎంతమంది పనిచేస్తున్నారో ఫ్లెక్సీలో పట్టదు, పట్టించనూ వద్దు.

4. నిదానంగా ఎదిగినవాళ్ళ జోలికి పోకండి.

విజయా డయాగ్నొస్టిక్‌ను డాక్టర్ సురేంద్రనాథ్ రెడ్డి 1981లో మొదలుపెట్టినాడు. ఆయన రేడియాలజిస్టు, ఫిల్ము చదవడమే ఆయన పని. ఆ కంపెనీ స్టాక్ మార్కెట్టుకు వచ్చింది 2021లో. నలభై ఏళ్ళు! అంతసేపు ఎవరు కాచుకుంటారు? ఇంకా వెనక్కి పోతే పాపనికొలావ్ అనే డాక్టరు. గర్భాశయ ముఖద్వారం కణాల్లో క్యాన్సర్ కనబడుతుందని 1928లో చెప్పినాడు, నలుగురూ ఒప్పుకునే పుస్తకం 1943లో వేసినాడు. ఆ మధ్యలో ఏళ్ళ తరబడి భార్య కణాలనే మైక్రోస్కోపు కింద పెట్టి చూసినాడు. మీరు మైక్రోస్కోపు కొనండి, ఫోటో తీయించుకోండి, అట్టపెట్టెలో పెట్టేయండి.

ఇంగ్లండులో క్యాన్సర్‌ను కనిపెట్టే గాలెరీ అనే రక్తపరీక్షను 2021లో మొదలుపెట్టి 1,40,000 మంది మీద పరీక్షించి చూసినారు. మీ ఇంట్లో ముగ్గురు చాలు. ముగ్గురికీ క్యాన్సర్ లేదు, మీ పరీక్ష కూడా లేదనే చెప్పింది. నూటికి నూరు.

5. పాథాలజిస్టు సంతకం తెచ్చుకోండి, పాథాలజిస్టును తెచ్చుకోకండి.

ఈ మాట అన్నిటికంటే ముఖ్యం. గడ్డలోంచి తీసిన ముక్కను స్లైడు మీద చూసి ఇది క్యాన్సరో కాదో చెప్పగలిగేది ఆ ఒక్క మనిషే. అట్లాంటివాణ్ణి ఆఫీసులో కూర్చోబెడితే “ఈ ముక్క చాలదు, మళ్ళీ తీయండి” అంటాడు, “ఈ రోజు రిపోర్టు ఇవ్వలేను” అంటాడు. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో వేశారంటే తన మాటే చెల్లాలని అనుకుంటాడు.

ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం పెట్టాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది కాబట్టి సంతకం మాత్రం తప్పదు. దూరపు ఊళ్ళో ఉండే డాక్టరుతో నెలకింతని మాట్లాడుకోండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టించి, స్కాన్ చేసి కంప్యూటర్లో దాచుకోండి. ఇంక ఎన్ని రిపోర్టులకైనా అదే. ఆదివారం కూడా పనిచేస్తుంది, జీతం పెంచమని అడగదు. థెరనోస్ ఒక దశలో ల్యాబ్ డైరెక్టరుగా పెట్టుకున్నది రెండో పెద్దమనిషి సన్నీ బల్వానీకి చర్మం చూసే డాక్టరును. డాక్టరు అన్న మాట ఉంటే చాలు, ఏ డాక్టరని ఎవరు చూస్తారు?

6. ముక్కను జాగ్రత్త చేయడం మీద ఖర్చు పెట్టకండి.

రొమ్ములోంచి తీసిన ముక్కను గంటలోపు పదిశాతం ఫార్మలిన్‌లో వేయాలని, ఆరు గంటలకు తగ్గకుండా, డెబ్భైరెండు గంటలు దాటకుండా ఉంచాలని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకం రాసినవాళ్ళు ఏప్రిల్ ఎండలో మన రోడ్డెక్కలేదు. ఇంట్లో హార్లిక్స్ సీసా ఖాళీగా ఉంటుంది, అందులో సెలైన్ పోసి ముక్క వేయండి. మూతకు రబ్బరుబ్యాండు వేసి, కదిరి పోయే కుర్రాడి బండికి తగిలించండి. అతను మధ్యలో టీ తాగుతాడు, పెళ్ళికి పోతాడు, మరుసటి రోజు ఇస్తాడు. అప్పటికి ముక్క మెత్తబడి, రంగు మారి, వాసన వస్తుంది. పరవాలేదు.

అట్లా చెడిన ముక్కలో హార్మోను గ్రాహకాలు ఉన్నా కనబడవు, రిపోర్టులో నెగటివ్ అని పడుతుంది. దాంతో ఆ రోగికి ఏళ్ళ తరబడి మింగవలసిన మాత్ర ఎవరూ రాయరు. ఖర్చు తప్పించినామని ఇంటివాళ్ళకు చెప్పండి, మీకు దండం పెడతారు.

7. ఏ జబ్బూ లేనివాళ్ళకు ప్యాకేజీ అమ్మండి.

కదిరి లక్ష్మీనరసింహస్వామి తేరునాడు టెంటు వేసి ‘కుటుంబ క్యాన్సర్ ప్యాకేజీ’ పెట్టండి. ఆడవాళ్ళకు సీఏ-125, మగవాళ్ళకు పీఎస్ఏ, అందరికీ సీఈఏ అనే రక్తపరీక్షలు. సీఏ-125 నెలసరిలో కూడా పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. వయసు మళ్ళిన మగవాళ్ళలో ప్రొస్టేట్ ఉబ్బితే పీఎస్ఏ పెరుగుతుంది. బీడీ తాగేవాడికి సీఈఏ మామూలుగానే ఎక్కువుంటుంది. కాబట్టి ప్రతి టెంటులోనూ ఎవరో ఒకరికి అంకె ఎక్కువ రావడం ఖాయం. ఆ అంకెను ఎర్రసిరాతో, లావు అక్షరాల్లో కొట్టండి. ఇంక ఆ ఇంట్లో నిద్ర ఉండదు. మళ్ళీ పరీక్షకు వస్తారు, ఈసారి ఇంటిల్లిపాదీ.

పీహెచ్‌సీలో ముప్ఫై దాటినవాళ్ళకు నోరు టార్చిలైటుతో చూస్తారని, గర్భాశయ ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ రాసి చూస్తారని, దానికి డబ్బు తీసుకోరని మీ నోటితో అనకండి. ఆశా కార్యకర్త మీ టెంటు దగ్గరికి వస్తే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తొందరగా పంపేయండి.

8. తెలివైన టెక్నీషియన్ని దగ్గరికి రానీయకండి.

థెరనోస్ గుట్టు బయటపెట్టినవాళ్ళలో ఇద్దరు అప్పుడే చదువు ముగించి చేరిన కుర్రకారు, ఎరికా చుంగ్, టైలర్ షుల్ట్జ్. టైలర్ ఎవరో తెలుసా? బోర్డులో కూర్చున్న జార్జ్ షుల్ట్జ్‌కు సొంత మనవడు. కాబట్టి బంధువని కూడా నమ్మకండి. మిషను రోజూ సరిగా చూపిస్తోందో లేదో తేల్చే కంట్రోల్ శాంపిల్ అంటే ఏమిటో తెలియని పిల్లవాణ్ణి చూసి పెట్టుకోండి. తెలుసుకుంటానంటే వేరే పని చెప్పండి.

9. కిద్వాయి రిపోర్టు పట్టుకుని తిరిగొచ్చినవాళ్ళకు జవాబు సిద్ధంగా ఉంచండి.

ఒకరోజు ఒకాయన వస్తాడు. పంచె మీద బస్సు దుమ్ము ఉంటుంది, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్సరేలు. “సామీ, మీరు ఏమీ లేదని రాసిచ్చినారు. బెంగళూరులో మూడో స్టేజీ అంటాండారు” అంటాడు. గొంతు పెంచడు. అది మీకు కలిసొస్తుంది. వరసగా ఇట్లా చెప్పండి: మా మిషను వేరు, వాళ్ళ మిషను వేరు. మేము చూసినప్పుడు లేదు, ఆ తర్వాత పెరిగింది. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది చూడు పెద్దాయనా. ఛైర్మన్ గారు పెళ్ళికి పోయినారు. సలహాదారు అమెరికాలో నిద్రపోతుంటాడు.

ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుంటే నీళ్ళు ఇవ్వండి, డబ్బు వాపసు ఇవ్వకండి. డబ్బు ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది.

10. చిరునామాలో కొంచెం తికమక పెట్టుకోండి.

2022 ఏప్రిల్‌లో మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాం. అయినా లెటర్‌హెడ్ మీద అనంతపురం జిల్లా అని, రసీదు మీద శ్రీ సత్యసాయి జిల్లా అని కొట్టించండి. ఫిర్యాదు పట్టుకున్న మనిషి అనంతపురం పోతే పుట్టపర్తి పొమ్మంటారు, పుట్టపర్తి పోతే కాగితం చూసి అనంతపురం అంటారు. అంతలోకి సెనక్కాయ విత్తే పని వస్తుంది, ఆయన ఊరికి పోతాడు.

11. చివరి ఘట్టానికి తయారుగా ఉండండి.

ఇవన్నీ పద్ధతిగా చేసినవాళ్ళకు ఫలితం తప్పదు. 2015 అక్టోబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ విలేకరి జాన్ కారీరూ రాసిన కథనంతో థెరనోస్ కదిలింది. 2016లో ఫోర్బ్స్ పత్రిక హోమ్స్ ఆస్తిని 450 కోట్ల డాలర్ల నుంచి సున్నాకు దించింది, 2018లో కంపెనీ మూతబడింది. 2022లో ఆమెకు పదకొండేళ్ళ మూడు నెలలు, బల్వానీకి దాదాపు పదమూడేళ్ళు జైలు పడింది. బోర్డులో కూర్చున్న పెద్దల్లో ఎవరూ జైలుకు పోలేదు. దీన్నిబట్టి మీ ఫ్లెక్సీలో పెద్దలు ఎంత క్షేమంగా ఉంటారో తెలుస్తోంది కదా. సంతకాలు మీవి, చెక్కులు మీవి, కాబట్టి పేరు కూడా మీకే వస్తుంది.

డీఎంహెచ్‌ఓ జట్టు వచ్చి షట్టరుకు సీలు వేసిన రోజు ఏడవకండి. తహసీల్దారు గారు ముందు నెల తేదీ వేసి రాజీనామా పంపి ఉంటారు, మాజీ ఎస్సై గారు కేసు ఏ సెక్షన్లో పడుతుందో వివరంగా చెప్తారు. మీ బయోడేటాలో ఒక వరస పెంచుకోండి: ‘నియంత్రణ సంస్థలతో నేరుగా పనిచేసిన అనుభవం’. రెడ్డిపల్లి జైలుకు పోయేటప్పుడు ఒక దుప్పటి, ఫోటో దిగిన ఆ తెల్లకోటు తీసుకుపోండి. దుప్పటి లోపలికి రానిస్తారు.

బెయిలుకు ఇద్దరు పూచీదారులు కావాలి. ఫ్లెక్సీలోని పెద్దలకు ఫోను చేసి టైము పాడుచేసుకోకండి, ఎత్తరు. పాథాలజిస్టు గారి సంతకం మీ కంప్యూటర్లో ఎటూ ఉంది. కానీ కోర్టులో స్కాన్ సంతకం చెల్లదు, మనిషే రావాలి. ఇన్నాళ్ళూ ఆయన్ను నల్లమాడకు ఒక్కసారీ పిలవలేదు కాబట్టి, కదిరిలో కోర్టు ఎక్కడుందో, ఏ బస్సు దిగాలో ముందురోజే ఫోన్లో చెప్పండి.