మొగుడు బంగారం!

బిడ్డ చిక్కితే ‘తల్లికి పాలు చాలట్లేదేమో’, బొద్దుగా ఉంటే ‘అడ్డమైనవన్నీ పెడుతోంది’. ఉద్యోగానికెళ్తే రాక్షసి, మానేస్తే చదువంతా బూడిదలో పోసిన పన్నీరు. పిల్లాడికి ఫస్టు ర్యాంకొస్తే మాత్రం ‘మా వంశంలో అందరూ తెలివైనవాళ్లేనమ్మా!’

2017 సవరణతో చట్టం తల్లికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చింది. తండ్రికో? కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు. బారసాలకు షామియానా మాట్లాడేసరికే అవి సరి. ఈలోగా ఒక్క డైపర్ మార్చాడా, ‘ఎంత అదృష్టవంతురాలివే’ అని వీధి వీధంతా ఆవిడకే అభినందనలు! (ఆవిడ మార్చినవి ఎవరు లెక్కపెట్టారు గనక?)

మే రెండో ఆదివారం ఆయన స్టేటస్‌లో ‘అమ్మే దైవం’. ఆ పూట వంటా దైవానిదే.