గూడబాతులకు సర్వే పాఠాలు

కొల్లేరు అభయారణ్యాన్ని +5 అడుగుల కాంటూరు నుంచి +3కి కుదించాల్సిందేనని ఈ వారం మళ్ళీ ఓ నాయకుడు సెలవిచ్చారు. 2008లో శాసనసభ తీర్మానం చేసినప్పటి నుంచీ వింటున్న పాటే. పార్టీలు మారాయి, పల్లవి మారలేదు. పక్షులకు అంత చోటెందుకన్నది వారి బాధ.

నిజమేనండీ, ఎందుకు? 308 చదరపు కిలోమీటర్లు కాస్తా 135 అయితే పక్షులు సర్దుకుంటాయి. చిక్కల్లా ఒక్కటే. సముద్రమట్టానికి పైన మూడో అడుగు ఎక్కడ ముగుస్తుందో, నాలుగోది ఎక్కడ మొదలవుతుందో గూడబాతుకు తెలీదు. కాబట్టి కుదింపుకు ముందే కొల్లేటి పక్షుల నెలవైన ఆటపాకలో ఓ సర్వే శిక్షణా కేంద్రం తెరవాలని నా మనవి.

కొత్తగా ఖర్చేం లేదు. గూళ్ళు కట్టుకోడానికి అక్కడ చెట్లు కరువై ఇనుప స్టాండ్లు వేశారు కదా, అవే బెంచీలు. లెవెలింగ్ కర్ర కూడా కొనక్కర్లేదు. అంత పొడుగు ముక్కు దేవుడిచ్చాడు, దాని మీద అడుగులూ అంగుళాలూ గీయిస్తే సరి. వాలేముందు ముక్కు అడుగునేలకు ఆనించి రీడింగు చూసుకోవాలి. మూడులోపైతే వేట. మూడున్నరైతే రెక్కలు ముడవకుండానే వెనక్కి.

రెండో పాఠం, 1905 నాటి భూఆక్రమణ చట్టం. నాలుగో అడుగు మీద దిగిన పక్షికి సెక్షన్ 7 నోటీసు. జవాబు నచ్చకపోతే సెక్షన్ 6 కింద ఖాళీ చేయింపు. గోదావరి జిల్లాల గాలి పీల్చిన పక్షులు కనక పేచీ పెట్టవు. "ఆయ్, అలాగేనండీ" అని పిల్లల్ని వెంటేసుకుని లేస్తాయి. శీతాకాలం ఖండాలు దాటొచ్చే బాతులకు మన భాష రాదు కాబట్టి హద్దురాళ్ళ మీద రష్యన్‌లో కూడా రాయిస్తే మంచిది.

ఈ చదువు అబ్బని పక్షులు ఇదివరకే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్ళో చెట్ల మీద గూడబాతుల కాలనీని 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు చూసి, లోకానికి చెప్పారు. పాతికేళ్ళు తిరిగేసరికి ఆ చెట్లు ఖాళీ. డ్రాపౌట్లన్నమాట.

నీళ్ళకు మాత్రం రాత్రి బడి పెట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి కొల్లేటికొచ్చినప్పుడు ఏ కాంటూరునూ ఖాతరు చెయ్యలేదు. లంక గ్రామాల రోడ్లెక్కి కూచుంది. అనుమతి లేకుండా ఐదో అడుగెక్కిన వరదకూ సెక్షన్ 7 నోటీసు ఇవ్వాల్సిందే. ఉప్పుటేరు వెంట అరవై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలవమనాలి. మధ్యలో చేపల చెరువు గట్టు అడ్డొస్తే, ఓనరుగారు లేచేదాకా ఆగమనాలి.

ఈ కుదింపంతా పేదల కోసమంటున్నారు. ఏ పేదల కోసం? 1970లలో ప్రభుత్వమే లంక గ్రామాల సొసైటీలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. అవి లీజుల పేరుతో ఎవరి చేతుల్లోకి పోయాయో కైకలూరులో టీకొట్టు కుర్రాణ్ణడిగినా చెబుతాడు. 2006లో కోర్టు ఆదేశమని గట్లు పేల్చినప్పుడు రోడ్డున పడ్డది చేపలు పట్టుకు బతికే వడ్డీల కుటుంబాలు. తర్వాత రాత్రికి రాత్రి మళ్ళీ లేచిన గట్లు వాళ్ళవేనా? వాటి మీద వాళ్ళు కాపలా కూలీలు. చుట్టూ సరస్సు పెట్టుకుని తాగేనీళ్ళు డబ్బాల్లో కొనుక్కుంటున్నారు. ఆ నీళ్ళ సంగతి, నాయకుడుగారూ, మీ ఉపన్యాసంలో ఒక్క ముక్క లేదేం?

జిరాయితీ రైతుకు న్యాయం చెయ్యాలా? పరిహారం ఇవ్వండి. 1999లో అభయారణ్యమని నోటిఫికేషన్ ఇచ్చిన దగ్గర్నుంచీ అతను అడుగుతున్నది అదే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు కూడదంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మూడు నెలల్లో ఆక్రమణలు తీసేయమంది. అవేవీ మీ చెవిన పడలేదు, లీజుదారు గోడు ఒక్కటే పడింది. గీత రెండడుగులు కిందికి జరిపితే నిన్నటి నేరం ఇవాళ్టి ఆస్తి అవుతుంది. మీకు కావలసింది అదే అయితే, పేదవాడి పేరెత్తకుండా ఆ మాటే చెప్పండి చూద్దాం.