నేను ఓదార్చిన ప్రమోషన్

మాడుగుల హల్వా డబ్బా నా చేతిలో పెట్టి, “పెట్టీ ఆఫీసర్ని అయ్యాను మాస్టారూ” అన్నాడు మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటున్న నేవీ కుర్రాడు. నేను అతని భుజం తట్టి, “బాధపడకు నాయనా. ఉద్యోగమన్నాక ఎక్కడం, దిగడం మామూలే. కాస్త కష్టపడితే పాత పోస్టు మళ్ళీ రాకపోదు” అన్నాను.

అప్పటిదాకా అతను లీడింగ్ సీమన్. లీడింగ్ అంటే ముందుండి నడిపించేవాడు. ఇక పెట్టీ అనగానే నాకు గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్లో పెట్టీ కేసు. కాబట్టి మనిషి దిగజారిపోయాడని తేల్చేశాను. దిగజారినవాడు హల్వా ఎందుకు పంచుతాడన్న అనుమానం మాత్రం రాలేదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పిన బుర్ర ఇది.

నిజానికి ఇది నా రెండో ఘనకార్యం. మొదటిది అంతకు రెండేళ్ళ ముందు, 2014లో.

విశాఖలో మా మల్కాపురం వైపు నేవీ వాళ్ళు అద్దెకు దిగడం కొత్త కాదు. ఆ ఏడు వేసవి చివర్లో శ్రీకాకుళం నుంచి ఈ అబ్బాయి వచ్చాడు. అగ్రిమెంటు కాగితం మీద ఉద్యోగం దగ్గర ‘లీడింగ్ సీమన్’ అని రాశాడు. మా ఆవిడ ఆ కాగితం కేసి చూడనే లేదు. ఇంట్లో ఎంతమందని అడిగింది. నలుగురు పిల్లల్లో తనే పెద్దవాడినన్నాడు. “అయితే పెద్దోడా, కాఫీ తాగి వెళ్ళు” అంది. నేను మాత్రం ‘లీడింగ్’ దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు నుంచి వీధి వీధంతా “మా మేడ మీద నేవీ ఆఫీసర్ గారున్నారు” అని చాటింపు వేశాను. పాలవాడికి సీమన్ అనే మాట సరిగా వినపడక “సిమ్మన్న గారికి అర లీటరు” అంటుంటే కూడా కోప్పడ్డాను, ఆఫీసర్ని పట్టుకుని సిమ్మన్న ఏమిటని.

ఆగస్టు 15 వచ్చింది. కాలనీలో జెండా ఎగరేయడానికి ఆయన్నే పిలిచాను. మైకులో నేను పరిచయం చేశాక అతను నెమ్మదిగా, “నేను ఆఫీసర్ని కాదండి, సెయిలర్ని” అన్నాడు. అది వినయమనుకుని నేనే చప్పట్లు మొదలుపెట్టాను. మిఠాయిలు పంచుతున్నప్పుడు డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒకాయన నన్ను పక్కకు పిలిచి వేళ్ళు మడిచి చూపించాడు. అడుగున సీమన్ సెకండ్ క్లాస్, తర్వాత ఫస్ట్ క్లాస్, మూడో మెట్టు లీడింగ్ సీమన్, అంటే ఆర్మీలో నాయక్. ఆ పైన పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, రెండు రకాల మాస్టర్ చీఫ్‌లు. ఇదంతా సెయిలర్ల నిచ్చెన. సబ్ లెఫ్టినెంట్‌తో మొదలయ్యే ఆఫీసర్ల నిచ్చెన వేరు. నాకు మూడో వేలు దాటాక ఏదీ చెవికెక్కలేదు. కింది నుంచి మూడు! అంతే వినపడింది. ఆ పై వేళ్ళు విని ఉంటే తర్వాత హల్వా వేళ పరువు దక్కేది.

మర్నాడు నీళ్ళ మోటారు గురించి చెప్పడానికి పైకి వెళ్ళి, “ఏమయ్యా, నువ్వు ట్యాప్ కట్టలేదు” అన్నాను. నిన్నటిదాకా గారూ, మీరూ. ఒక్క రాత్రిలో గారు పోయింది, మీరు నువ్వయింది. అతను “సారీ మాస్టారూ” అని ట్యాప్ కట్టాడు. అతని పిలుపులో మాత్రం ఏ మార్పూ లేదు.

అక్టోబరులో హుద్‌హుద్ వస్తోందన్నారు. తుపానుకు ముందు రోజు అతను బ్యాగు భుజాన వేసుకుని దిగుతూ డాబా మీది నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. “నిండా నింపేయండి మాస్టారూ, ఖాళీది ఎగిరిపోతుంది” అని, మళ్ళీ పైకెక్కి రేకుల షెడ్డును తాడుతో స్తంభాలకు కట్టాడు. ఆ ముడి నాకు నేర్పబోయాడు. తాడులో చిన్న చుట్టు వేసి, “ఇది పుట్ట. తాడు కొస పాము. పాము పుట్టలోంచి పైకొచ్చింది, చెట్టు వెనక నుంచి తిరిగింది, మళ్ళీ పుట్టలోకి దూరింది.” రెండు వైపులా లాగాడు. ముడి బిగిసింది. “బోలైన్ అంటారండి. ఎంత లాగినా జారదు, మళ్ళీ విప్పాలంటే వేలితో వచ్చేస్తుంది.” నా పాము మూడుసార్లూ పుట్ట దారి తప్పింది.

“తుపానులో ఓడ రేవులోనే ఉంటుందిగా?” అన్నాను. “లేదండి, సముద్రంలోకి తీసుకుపోతాం. గట్టుకు కట్టేసిన ఓడ గట్టుకే కొట్టుకుని దెబ్బతింటుంది. లోపలైతే తుపానుకు పక్కకి తప్పుకోవచ్చు.” లంగరు, మోకులు, చుక్కాని చక్రం, దూరాన ఏముందో కనిపెట్టడం, పడవలు దించడం, ఇవన్నీ సీమన్ల పనేనని ఆ పది నిమిషాల్లో తెలిసింది. అతని యూనిఫాం చేతి మీది లంగరు బొమ్మను అలంకారమనుకున్నాను ఇన్నాళ్ళూ.

12వ తేదీ ఆదివారం. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో ఊరిని ఊపేసింది. ఎదురింటి రేకులు మా పెరట్లో వాలాయి. మా రేకులు కదల్లేదు.

కరెంటు లేని ఆ రాత్రుళ్ళలో కొవ్వొత్తి ముందు నాకు నా పాఠమే గుర్తొచ్చింది. 1946 ఫిబ్రవరి 18, బొంబాయి, నావికుల తిరుగుబాటు. రెండు మార్కుల ప్రశ్న. ఏటా చెప్పేవాణ్ణి. అధ్వాన్నమైన తిండి, తెల్ల అధికారుల తిట్లు భరించలేక ‘తల్వార్’ అనే సిగ్నల్స్ శిక్షణ కేంద్రంలో మొదలైంది. లేచినవాళ్ళు ఆఫీసర్లు కాదు, రేటింగులు. అంటే ఈ కింది నిచ్చెన వాళ్ళే. వాళ్ళ సమ్మె సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, లీడింగ్ సిగ్నల్‌మన్. ‘లీడింగ్’ అనే ఆ మాటను ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద రాసి తుడిచాను. అది ఏ మెట్టో ఒక్క పిల్లాడూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. అదే మెట్టు మీదున్న మనిషి నా ఇంట్లోనే అద్దెకుంటే గారు తీసేశాను.

అతను తిరిగొచ్చాక సిగ్గుతో మళ్ళీ “మీరు” మొదలుపెట్టబోయాను. “వద్దు మాస్టారూ, అలవాటైపోయింది” అని నవ్వేశాడు. నువ్వు అలాగే ఉండిపోయింది.

ఇక హల్వా సంగతి. నా ఓదార్పంతా అయ్యేదాకా అతను చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత, “పెట్టీ ఆఫీసర్ అంటే పై మెట్టే మాస్టారూ. ఆర్మీలో హవల్దారు లెక్క” అన్నాడు. నాకు ఏమనాలో తోచక డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను.

అతను వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. “ఎవరు తెచ్చారండీ?” “పైన పెట్టీ ఆఫీసర్ గారు” అన్నాను, ఈసారి జాగ్రత్తగా.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, “ఆయనెవరు... ఓహో, మన పెద్దోడా?” అంటూ డబ్బా అందుకుంది.