సర్వమురికి నివారిణి

పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసులకూ బయల్దేరాక మా కాలనీలోకి ఓ మోపెడ్ వస్తుంది. హ్యాండిల్‌కి కట్టిన మైకులోంచి రికార్డు చేసిన గొంతు "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, బాత్రూం బ్రష్షులూ" అని గుక్క తిప్పుకోకుండా అరుస్తుంది. ఈ జాబితాలో పక్కపక్కనే ఉన్న రెండు సరుకులు బకెట్లో కలిస్తే ఏమవుతుందో కాస్త ఆగి మనవి చేసుకుంటాను. ఈ మధ్య ఆ మోపెడ్ మీద కొత్త సరుకొకటి చేరింది. లీటరు సీసా, లోపల కళ్లు జిగేల్మనే ఆకుపచ్చ నీళ్లు. ఎమ్మార్పీ 240 అని అచ్చేశారు. మోపెడ్ మీద 70 రూపాయలు. మా అత్తయ్యగారు బేరమాడితే 60కే ఇచ్చి, పైన ఓ ప్లాస్టిక్ మగ్గు కూడా ఇచ్చాడు. చట్టం గరిష్ఠ ధర దాటొద్దంది గానీ, దానికి నాలుగో వంతుకి దిగిపోతే కొనేవాడు దేన్ని అనుమానించాలో చెప్పలేదు.

సీసా పేరు చెప్పను. దాచడానికి కాదు, ముందు లేబుల్ మీద ఒక స్పెల్లింగు, వెనక ఇంకొకటి, మూత మీద మూడోది ఉంటే ఏది చెప్పాలో తెలియక. లేబుల్ మీద రెండు నిమ్మచెక్కలు, ఒక మల్లెల గుత్తి, తెల్ల గౌనూ ఎత్తుమడమల చెప్పులూ వేసుకుని కమోడ్ వంక మురిపెంగా చూస్తున్న విదేశీ వనిత. ఆ చెప్పులతో మా బాత్రూంలో అడుగుపెడితే ఆవిడ నేరుగా ఎముకల డాక్టరు దగ్గరే తేలుతుంది. కింద వరసగా డాలు బొమ్మ, ఐఎస్ఓ 9001 ముద్ర, 99.9 శాతం, దాని నెత్తిన ఓ చుక్క గుర్తు, మూలన శాకాహారమని తెలిపే పచ్చచుక్క. కడుక్కునే నీళ్లకి శాకాహార వ్రతం ఎందుకో గానీ, అత్తయ్యగారికి అది మాత్రం నచ్చింది.

ఇంతకీ సీసాలో ఏముంది? అదొక్కటి లేదు. టాయిలెట్, టైల్స్, సింకు, గచ్చు, వంటగట్టు, వాష్ బేసిన్, కారు అద్దాలు అంటూ ఎక్కడెక్కడ పొయ్యొచ్చో రాశారు. పోసేది సబ్బునీళ్లా, ఫినాయిలా, యాసిడా అన్నది కంపెనీవారి కుటుంబ రహస్యం. అత్తయ్యగారు రోజూ తెలుగు పేపరు టెండర్ ప్రకటనలతో సహా చదివే మనిషి. సీసాను గిరగిరా తిప్పి, "అల్లుడుగారూ, దీంట్లో తెలుగు ముక్క ఎక్కడుందో మీరే వెతికి పెట్టండి" అన్నారు. వెతికాను, లేదు. ఉన్న ఇంగ్లీషు ఆకుపచ్చ మీద పసుపు రంగులో, ఆవగింజల సైజులో ఉంది. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేస్తే వాడే విధానం దొరికింది: కావలసినన్ని నీళ్లలో తగినంత కలపండి, మురికి ఎక్కువైతే ఎక్కువ కలపండి. వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అంటే చిటికెడు నాలుక మీద వేసుకుని సరిచూసుకుంటాం. ఇక్కడ ఆ సదుపాయం లేదు.

నిజానికి మన దేశంలో లేబుళ్లకు నిబంధనలు లేక కాదు. ప్యాకెట్ సరుకుల కోసం 2011లో కేంద్రం తెచ్చిన నియమాలున్నాయి, తూనికలు కొలతల శాఖ వాటిని అమలు చేస్తుంది. తయారుచేసినవారి పేరు, చిరునామా, సరుకు మామూలు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపిన ధర, ఫిర్యాదుకి ఎవరిని పట్టుకోవాలో ఆ వివరం ఉండాలి. అంకెలు కనీసం ఎంత ఎత్తు ఉండాలో కూడా లెక్క ఉంది. మా సీసా దేన్నీ కాదనలేదు, అన్నిటికీ తలూపింది. తయారీ నెల 'సీసా మెడ మీద చూడండి' అంది. మెడ నున్నగా ఉంది. చిరునామాలో ఇండస్ట్రియల్ ఏరియా ఉంది, ఏ ఊరిదో లేదు. ఫిర్యాదుల ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలున్నాయి, పదోది మన అదృష్టాన్ని బట్టి.

ఆ ముద్రల సంగతీ చూద్దాం. ఐఎస్ఓ 9001 అనేది ఒక సంస్థ తన పనిని ఏ పద్ధతిలో నడుపుకుంటోందో చెప్పే ప్రమాణం. సీసాలో ఉన్నది మురికి వదిలిస్తుందా, వేళ్లు వదిలిస్తుందా అన్నదాంతో దానికి సంబంధం లేదు. సరుకు గురించి మాట్లాడేది ఐఎస్ఐ మార్కు. కొనేవాడి కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆ పోలిక అమ్మేవాడికి తెలియంది కాదు.

99.9 శాతం మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. చుక్క గుర్తు వెంట కిందికి దిగితే 'ప్రయోగశాల పరిస్థితుల్లో' అని ఉంటుంది. మా బాత్రూం ప్రయోగశాల కాదని కంపెనీకి తెలుసు. పోనీ, నిజంగానే 99.9 శాతం చచ్చాయనుకుందాం. పది లక్షల క్రిముల్లో వెయ్యి మిగులుతాయి. తిండీ వేడీ బాగా కుదిరితే ఇ. కోలై లాంటి క్రిమి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన వెయ్యి మళ్లీ పది లక్షలు కావడానికి 200 నిమిషాలు చాలు. పొద్దున కడిగితే మధ్యాహ్న భోజనానికల్లా జనాభా యథాస్థితికి. మన నానమ్మల కాలం నల్ల ఫినాయిల్ ఇంకాస్త నిజాయితీపరురాలు. తారు కంపు కొట్టేది, నీళ్లలో పడగానే పాలలా తెల్లబడేది, గవర్నమెంటు ఆస్పత్రి వాసన ఇంటికి తెచ్చేది. కానీ డబ్బా మీద ఆర్‌డబ్ల్యూసీ అని ఓ అంకె ఉండేది. రీడియల్, వాకర్ అనే ఇద్దరు 1903లో పెట్టిన కొలత అది. 5 అని ఉంటే, టైఫాయిడ్ క్రిమిని చంపడంలో ఫినాల్ కంటే ఐదు రెట్లు గట్టిదని అర్థం. ఆ అంకె చూసి ఎన్ని నీళ్లు కలపాలో లెక్క కట్టొచ్చు. 99.9 చూసి చప్పట్లు మాత్రమే కొట్టొచ్చు.

చివరికి సీసా గుట్టు విప్పింది మా ఇంట్లో పనిచేసే అక్క. లేబుల్ వంక కన్నెత్తి చూడలేదు. మూత తీసి, దూరం నుంచే చేత్తో గాలి ఇటు విసురుకుంది. ముందు నిమ్మ, వెనకే ముక్కుపుటాలు మండించే ఘాటు. పెరట్లో పగిలిపోయి పారేసిన కడప బండ ముక్క మీద నాలుగు చుక్కలు పోసింది. చుక్క పడ్డచోట బుసబుసా తెల్లటి నురగ లేచింది. తుడిచి చూస్తే నల్లగా నిగనిగలాడే బండ మీద రూపాయి బిళ్లంత వెలిసిన మచ్చ. "ఉత్త యాసిడే సార్ ఇది. రంగేసిండ్రు, వాసనేసిండ్రు. గచ్చు మీద పోస్తే గచ్చే పోతది" అంది. మొత్తం పరీక్షకి ఒక్క నిమిషం పట్టలేదు, ఏ చుక్క గుర్తూ అవసరపడలేదు.

అక్క చెప్పింది అక్షరాలా నిజం. కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాళ్లే. తెలుగు నేల మీద సగం వంటగట్లూ వరండాలూ వాటితో కట్టినవే. సున్నపురాయి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పడితే కార్బన్ డయాక్సైడ్ నురగై పైకొస్తుంది, రాయి కరిగిపోతుంది. మనం నురగ చూసి మురికి వదులుతోందని మురిసిపోతాం. వదిలేది బండ. బోరునీళ్లకి తెల్లగా పొరకట్టిన పింగాణీ టైల్ మీద ఇదే యాసిడ్ అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ తెల్ల పొరా ఎక్కువగా అదే జాతి సున్నం. కాకపోతే టైళ్ల మధ్య సిమెంటునీ వదలదు. ఈ సంగతి తెలిసిన కంపెనీ అయితే లేబుల్ మీద 'టైళ్లకు సరే, బండలకు వద్దు' అని రాస్తుంది. మన కంపెనీ 'అన్ని గచ్చులకూ' అని రాసింది. పక్షపాతం లేదు.

ఇప్పుడు ఆ రెండు సరుకుల ముచ్చట. మగ్గు ఇస్తూ మోపెడ్ అబ్బాయి ఓ చిట్కా కూడా ఉచితంగా ఇచ్చాడట: "ఇందులో బ్లీచింగ్ కొంచెం కలిపి కొట్టండమ్మా, అద్దమైపోద్ది." ఆ కలయికలో పుట్టేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. వాళ్లకి సిలిండర్లు కావాల్సి వచ్చాయి, మనకి ఓ బకెట్టూ కిటికీ లేని బాత్రూమూ చాలు. ఈ ఒక్క ముక్క, అంటే బ్లీచింగ్‌తో కలపొద్దన్నది, లేబుల్ ముందూ లేదు, వెనకా లేదు. మల్లెల గుత్తికి చోటు దొరికింది.

మరో విచిత్రం. యాసిడ్ దాడుల కేసులో 2013లో సుప్రీంకోర్టు విడి యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొనేవారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, ఎందుకు కొంటున్నారో చెప్పాలి, అమ్మేవారు రిజిస్టర్‌లో రాసుకోవాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. అదే యాసిడ్‌కి పచ్చరంగు కలిపి నిమ్మబొమ్మ అంటిస్తే చాలు, గుర్తింపు కార్డు అడిగేవాడుండడు. బేరం ఉంటుంది, మగ్గు ఉంటుంది.

న్యాయం న్యాయంగా చెప్పాలి, మా కమోడ్ తెల్లబడింది. అక్క చేతులకి తొడుగులేసుకుని, కిటికీ తెరిచి, బండల జోలికి పోకుండా వాడింది. సగం సీసా పక్కింటివాళ్లకి ఇద్దామని అత్తయ్యగారు పాత మంచినీళ్ల సీసా తెచ్చారు. "వద్దమ్మా, పిల్లలు నీళ్లనుకుంటరు" అని అక్క ఆ సీసా చేతిలోంచి లాగేసుకుంది. ఇలా సీసాలు మార్చడం వల్లే ఏటా ఎందరో పసివాళ్లు ఆస్పత్రుల పాలవుతున్నారు. ఈ హెచ్చరికా లేబుల్ మీద లేదు. మా ఇంట్లో లేబుల్‌కి మించిన లేబుల్ అక్కే. ఆమెకి జీతం ఇస్తున్నది మేము, కంపెనీ కాదు.

ఆమె అంతా చూసి, పోసి, మండించుకుని నేర్చుకున్నది. ఆ చదువుకి ఎన్నిసార్లు చేతులు కాలాయో నేను అడగలేదు. కొనేవాడు ధర చదువుతాడు, కడిగే మనిషికి చదవడానికి ఏమీ ఉండదు. దీనికి చట్టం కూడా తన వంతు సాయం చేసింది. 2011 నియమాల ప్రకారం లేబుల్ మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగు తప్పనిసరి కాదు, కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. వేసుకోవాలని ఎవరికీ అనిపించదు. మోపెడ్ మీది మైకు మాత్రం స్వచ్ఛమైన తెలుగులో అరుస్తుంది, టీవీలో ప్రకటనలు తెలుగులోనే పాడతాయి. అమ్మడానికి తెలుగు కావాలి, హెచ్చరించడానికి అక్కర్లేదు.

అయ్యా, తూనికలు కొలతల శాఖవారూ, మల్లెపూలు వద్దనడం లేదు. అవి ఉన్నచోటే కాస్త పక్కకి జరిపి మూడు మాటలు తెలుగులో వేయించండి: ఇది యాసిడ్, బండల మీద వద్దు, బ్లీచింగ్‌తో కలపొద్దు. అంతవరకూ పాఠకులు చేయగలిగింది ఒకటుంది. చిరునామా, తయారీ నెల లేని సీసా కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫిర్యాదు తెలుగులోనే చెప్పొచ్చు, అక్కడ ఆ సౌకర్యం ఉంది.